అజర్యా పెద్దయ్య ముక్కు

మా జున్నువాళ్ళ వాడలో ముక్కుకి ఉన్న మర్యాద ఇంకే అవయవానికీ లేదు. పాలు ఎప్పుడు విరుగుతాయో ముక్కే చెప్పాలి. జున్ను పండిందో పాడైందో ముక్కే తేల్చాలి. పైగా మేం ఉండేది యెరూషలేములో, ఆలయపు కొండకి పడమటి గోడ కిందనే. పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి లోపల యాజకులు ధూపం వేస్తారు. ఆ వాసన గోడ దిగి మా ఇళ్ళలోకి వస్తుంది. అందుకే మా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు కూడా సుగంధతైలాలు పూసుకోరు. దేవుడి పొరుగున కాపురం ఉంటూ మళ్ళీ వేరే పరిమళం దేనికి? మా ధూపానికి యెరికోలో మేకలు సైతం తుమ్ముతాయని మేం గొప్పగా చెప్పుకుంటాం. యెరికోవాళ్ళు ఒప్పుకోరు, తమ మేకలకి జలుబంటారు. కుళ్ళు, అంతే.

ఆ వాడకి పెద్ద అజర్యా. ఆయన వీధిలోకి వస్తే ముందు ముక్కు వచ్చేది, తర్వాత గడ్డం, ఆ తర్వాత మనిషి. రోజూ ధూపం వేళకి మా అందరికంటే ముందు ఆయనే తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, "ఇదిగో, ఆయన గుమ్మం తెరుచుకుంది" అనేవాడు. మేం ఇంకా ఏమీ తెలియక దిక్కులు చూసేవాళ్ళం. కాసేపటికి నిజంగానే వాసన వచ్చేది. ఇంత పొడుగు ముక్కు దేవుడు ఊరికే ఇవ్వడని వాడంతా నమ్మింది. నేనూ నమ్మాను.

నమ్మనివాడు ఒక్కడే, మా ఆయన యాకీము. ఆయన నోటికి గడియ లేదు. ఎవరు దగ్గినా, ఎవరు నడిచినా, ఎవరు దేవుణ్ణి ప్రార్థించినా, మర్నాటికి అది మా ఆయన గొంతులో వినిపించేది. నాకు నవ్వొచ్చేది, భయమూ వేసేది. పస్కా పండగ ఇంకా నెల్లాళ్ళుందనగా ఆ భయం నిజమైంది.

ఆ రోజు విశ్రాంతిదినానికి ముందటి పగలు. వాడంతా అజర్యా ముంగిట్లో కూర్చుని రొట్టె, ఉప్పుజున్ను తింటున్నాం. మా ఆయన మాత్రం కనిపించలేదు. ఇంతలో, ధూపం వేళ కావస్తుండగా, కొండ వైపున్న ముంగిలి గోడ మీదుగా పొగ లేచింది. దానితో పాటు వచ్చినదాన్ని వాసన అంటే వాసన అనే మాటకే అవమానం. పక్కింటి నహూముకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నేను పైటచెంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను. అజర్యా మాత్రం ఆ పొగ చూసి తల పైకెత్తాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! ఇవాళ ఆయన గుమ్మం బార్లా తెరిచాడర్రా!"

పెద్దాయన అన్నాక కాదనేదెవరు? ముక్కులు నొక్కుకునే అందరం "అవును పెద్దయ్యా, ఆమేన్" అన్నాం. ఆ ఆమేన్ పూర్తి కాకముందే మా ఆయన గోడ వెనక నుంచి వచ్చాడు. చేతిలో కర్ర, కర్ర చివర సగం కాలిన పాత పాలతిత్తి. మేకతోలు, దాని మీద వెంట్రుకలతో సహా.

"పెద్దయ్యా, ఆయన గుమ్మం ఇదుగో, నా చేతిలో ఉంది. ఎక్కడ పెట్టమంటారు?"

వాడంతా విరగబడి నవ్వింది. నహూము అయితే నేల మీద దొర్లాడు. అజర్యా నవ్వలేదు. ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. వేలు పైకెత్తాడు.

"మోషే ధర్మశాస్త్రం ఏమంటోంది? ఆలయంలో వేసే ధూపం లాంటిది ఎవడైనా వాసన చూసుకోడానికి చేసుకుంటే, వాణ్ణి జనంలోంచి కొట్టివేయమంటోంది. అవునా?"

"అది ధూపం గురించి పెద్దయ్యా" అన్నాడు మా ఆయన. "ఇది తిత్తి."

"అచ్చం ధూపంలాగే ఉంది. నా ముక్కు చెబుతోంది. వీళ్ళంతా ఆమేన్ అన్నారు. ఏరా నహూమూ, అన్నావా లేదా?"

నహూము చటుక్కున లేచి నిలబడ్డాడు. "అన్నాను పెద్దయ్యా" అన్నాడు, బట్టలకి అంటిన దుమ్ము దులుపుకుంటూ.

మెలిక ఎక్కడ పడిందో చూశారా? అది కంపు అని ఒప్పుకుంటే పెద్దాయన ముక్కు అబద్ధం, మా అందరి ఆమేన్ అబద్ధం. అది ధూపంలాగే ఉందంటే మా ఆయన పాపి. వాడలో ఇంతమంది అబద్ధాలకోరులు కావడం కన్నా ఒక్కడు పాపి కావడమే అందరికీ సులువుగా కనిపించింది. ఆలయ ధూపాన్ని నకలు చేశానని ఒప్పుకుని క్షమాపణ చెప్పేదాకా యాకీముతో ఎవరూ కలవకూడదని ఆ సాయంత్రమే తీర్మానించారు.

"వెక్కిరించినందుకు వందసార్లు కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు మా ఆయన ఇంటికొచ్చి. "కానీ చెయ్యని ధూపం చేశానని ఎలా చెప్పనే? అది చాలా పెద్ద మాట. నేను వెక్కిరించింది ఆలయాన్ని కాదు, అజర్యా ముక్కుని!"

"ఆ ముక్కే ఆలయమనుకుంటున్నాడు ఆయన" అన్నాను నేను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వీధి చివరిదాకా వినబడిందట.

వెలివేసినవాడికి నాలుగు మూరల దూరంలో ఉండాలి. నహూము ఎంత భయస్తుడంటే, మా గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు గోడకి వీపు ఆనించి పీతలా పక్కకి నడిచేవాడు. అజర్యా అయితే మా ఆయన ఎదురుగా నిలబడి ఉండగానే నాతో మాట్లాడేవాడు.

"అమ్మాయ్, నీ మొగుడితో చెప్పు, బుట్టలు దారికి అడ్డంగా పెట్టాడని."

"వింటూనే ఉన్నాడు పెద్దయ్యా."

"నువ్వు చెప్పు."

నేను తిరిగి చెప్పేదాన్ని. మా ఆయన బుట్టలు తీసేవాడు. ఇదీ మా సంసారం. ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకుందుం. కానీ పండగ దగ్గరపడుతోంది.

పస్కా గొర్రెపిల్లని ఎవరికి వారు తినడానికి లేదు. ముందే పేర్లు చెప్పుకుని ఒక జట్టుగా కూడాలి. దాన్ని కోసేలోపు ఏ జట్టులోనూ లేనివాడు ముక్క ముట్టకూడదు. ఒక్క ముక్క కూడా తెల్లారేదాకా మిగలకూడదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఒక గొర్రెపిల్లని ఎక్కడ తినగలం? పెళ్ళయినప్పటి నుంచీ మాది అజర్యా జట్టే. ఈసారి ఆయన జట్టులో మా పేర్లు లేవు. పక్క వాడలో అడిగితే, మా కథ విని "చోటు లేదమ్మా" అన్నారు. ఆ పై వాడలో నన్ను చూస్తూనే తలుపేశారు. మా తాతలందరూ ఐగుప్తు నుంచి బయటపడిన రాత్రిని ఊరంతా కలిసి తింటుంటే మేమిద్దరం మాత్రం ఐగుప్తులోనే ఉండిపోతాం. మా ఆయన ఆ సంగతి గురించి ఒక్క హాస్యం కూడా ఆడలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు వెంటనే కోపం వస్తుంది, కోపం వస్తే బుర్ర పని చేస్తుంది.

"ఏమయ్యా, లే" అన్నాను. "కొండ మీదికి పోదాం. ఇవాళ వాడంతా అక్కడే ఉంటుంది. నువ్వు ఎడమవైపు నడువు."

మా ఆచారం అది. ఆలయ ఆవరణలోకి అడుగుపెట్టిన వాళ్ళంతా కుడివైపు తిరిగి, చుట్టూ నడిచి బయటికి వస్తారు. గుండెల్లో బాధ ఉన్నవాడు మాత్రం ఎడమవైపు తిరిగి జనానికి ఎదురు నడుస్తాడు. ఎదురైనవాళ్ళు ఆగి, "నీకేమైంది, ఎడమవైపు నడుస్తున్నావు?" అని అడగాలి. మా ఇంట్లో ఫలానావాళ్ళు పోయారంటే, "ఈ ఇంట్లో ఉండేవాడు నిన్ను ఓదార్చుగాక" అనాలి. నన్ను వెలివేశారంటే, "ఈ ఇంట్లో ఉండేవాడు వాళ్ళ మనసు మార్చి నిన్ను దగ్గరికి తీసుకునేట్టు చేయుగాక" అనాలి. చుట్టమైనా, ముక్కూమొహం తెలియనివాడైనా, శత్రువైనా సరే. ఆ మాట అనకుండా పక్కనుంచి జారుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేరు.

"నేను నడవను" అన్నాడు మా ఆయన. "ఎడమవైపు నడిచానంటే ఆ వెలి న్యాయమేనని ఒప్పుకున్నట్టు."

"పిచ్చి మనిషీ, కుడివైపు నడిస్తే నీకు కనబడేది వాళ్ళ వీపులు. ఎడమవైపు నడిస్తే ప్రతి మొహమూ ఎదురొస్తుంది. ప్రతి నోరూ నిన్ను అడగాలి. ప్రతి నోరూ దీవించాలి. అజర్యా నోరు కూడా."

మా ఆయన మీసం ఒక పక్కకి వంగింది. ఆ వంకర చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"అంటే ఆయన మనసు మార్చమని ఆయనే దేవుణ్ణి అడుక్కోవాలా?"

"అవును."

"అది కూడా దేవుడి ఇంట్లో నిలబడి?"

"అవునయ్యా!"

"మహలతూ, నువ్వు నాకంటే ప్రమాదకరమైన మనిషివే" అంటూ లేచాడు.

చెప్పులు వదిలి, కాళ్ళ దుమ్ము కడుక్కుని, దక్షిణపు ద్వారంలోంచి మెట్లెక్కి పైకి వచ్చాం. పండగకి ముందే చేరిన యాత్రికులతో ఆవరణ కిక్కిరిసి ఉంది. అందరూ కుడివైపు తిరిగారు. మా ఆయన ఎడమవైపు తిరిగాడు. ఆయన బాధ నాది కాకపోతే ఇంకెవరిదని నేనూ వెనకాలే నడిచాను.

మొదట ఎదురైంది ఉంగరాల గడ్డం ఉన్న బబులోను యాత్రికుడు. అంత దూరం నుంచి వచ్చినవాడు, ఆచారం మాకంటే శ్రద్ధగా పాటించాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అడిగాడు.

"నీకేమైంది నాయనా, ఎడమవైపు నడుస్తున్నావు?"

"వెలివేశారయ్యా."

"ఈ ఇంట్లో ఉండేవాడు వాళ్ళ మనసు మార్చి నిన్ను దగ్గరికి తీసుకునేట్టు చేయుగాక!"

మా ఆయన తల వంచుకున్నాడు. తమాషా చూద్దామని వచ్చినవాడికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ తర్వాత చంకలో గొర్రెపిల్లతో ఒక గలిలయ ఆడమనిషి ఎదురైంది. దీవించాక కూడా కదల్లేదు.

"ఇంతకీ ఏం చేశావయ్యా, వెలివేశారు?"

"తోలుతిత్తి కాల్చానమ్మా."

"ఓరి నాయనో, తోలు కాలిస్తేనే? మా ఊళ్ళో రోజూ ఎవరో ఒకరు కాలుస్తూనే ఉంటారు!"

"మా ఊళ్ళో ముక్కులు పెద్దవమ్మా" అన్నాడు మా ఆయన.

ఆవిడకి కథంతా కావాలి. జనంతో పాటు నడవడం మానేసి మా పక్కనే నిలబడి అడుగుతోంది. నేను నాలుగు ముక్కల్లో చెప్పేశాను. ఇక ఆవిడ మమ్మల్ని వదల్లేదు. బబులోను ఆయన కూడా ఆ నాలుగు ముక్కలూ విన్నట్టున్నాడు, వెనక్కి తిరిగి మా వెంటే వచ్చాడు.

ఉత్తరం మూల తిరిగేసరికి నహూము ఎదురయ్యాడు. నాలుగు మూరల దూరం పాటించాలి, ఆగి అడగనూ అడగాలి. వెనక నుంచి జనం తోస్తున్నారు. ఆ తోపులాటలో వచ్చి మా ఆయన గడ్డానికి గడ్డం ఆనేంత దగ్గరగా ఆగాడు.

"న... నీకేమైంది యాకీము అన్నా, ఎడమవైపు..."

"వెలివేశార్రా."

"ఈ ఇంట్లో ఉండేవాడు వాళ్ళ మనసు... మా మనసు... అయ్యో, నా మనసు ఎప్పుడో మారింది అన్నా! పెద్దయ్య ఉన్నాడని గానీ! ఆ వెనకే వస్తున్నాడు, నేను ఇక్కడ లేనట్టే!"

కానీ నహూము కూడా పోలేదు. జరగబోయేది చూడకుండా పోవడం వాడి వల్ల కాలేదు.

తూర్పు వైపు పొడుగాటి స్తంభాల వరస ఉంది. అక్కడ కనిపించాడు అజర్యా, వాడ మగవాళ్ళందరినీ వెంటేసుకుని. మమ్మల్ని దూరం నుంచే చూసి గబుక్కున ఒక స్తంభం వెనక్కి జరిగాడు. మనిషి దాక్కున్నాడు గానీ ముక్కు దాక్కోలేదు.

"అదుగో, అదేనా ఆ ముక్కు?" అంది గలిలయ ఆవిడ.

ఇక తప్పించుకునే దారి లేదు. అజర్యా స్తంభం వెనక నుంచి వచ్చి గడ్డం సవరించుకున్నాడు. అప్పటికే మా చుట్టూ జనం మూగారు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

"నీకేమైంది?" అన్నాడు ఆయన, గొంతులో ముల్లు గుచ్చుకున్నవాడిలా. "ఎడమవైపు నడుస్తున్నావు?"

"వెలివేశారు పెద్దయ్యా" అన్నాడు మా ఆయన, ఎంతో అణకువగా. ఆ అణకువ చూస్తే నాకే ఒళ్ళు మండింది, పాపం ఆ ముసలాయన ఎలా ఓర్చుకున్నాడో.

అజర్యా కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు. ఆయన కూడా తక్కువవాడేం కాదు.

"ఈ ఇంట్లో ఉండేవాడు... నీకు బుద్ధి పుట్టించి, నీ తోటివాళ్ళ మాట నువ్వు వినేట్టు చేయుగాక!"

"అది కాదు దీవెన!" అన్నాడు బబులోను ఆయన. "వాళ్ళ మనసు మార్చమని అడగాలి!"

"మా పెద్దలు ఇలాగే అంటారు" అన్నాడు అజర్యా.

"వెలివేయడానికి నోరుంది గానీ దీవించడానికి రాదా?" అంది గలిలయ ఆవిడ.

అంతే, జనం రెండుగా చీలిపోయారు. మారాల్సింది వాళ్ళ మనసని సగం మంది, వెలిపడ్డవాడి మనసని సగం మంది. నలుగురు యూదులున్న చోట ఐదు వాదాలు పుట్టకపోతే ఆ పూట గడవదు. కేకలు, వేళ్ళు చూపించుకోవడం, మధ్యలో గొర్రెపిల్లల అరుపులు. అందులోంచి ఎవరో అడిగారు, "ఇంతకీ ఈ మనిషిని వెలివేసిందెవరు?"

అలాంటి చోట నేను ఊరుకునేదాన్ని కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

"ఇదుగో, ఈయనే!"

ఇక ఆ నవ్వులు, ఆ గోల చెప్పనలవి కాదు. అజర్యా చెయ్యి పైకెత్తి, గొంతు చించుకుని ధర్మశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాడు.

రోజూ ధూపం వేసే ముందు లోపల యాజకులు ఒక పెద్ద ఇత్తడి పారని రాతినేల మీద విసురుతారు. దాని మోత ఊరంతా వినబడుతుంది గానీ, అలవాటైపోయి మేమెవరం చెవిన పెట్టం. ఆ గోలలో మాకెవరికీ అది వినబడలేదు. కానీ వాసన వచ్చింది.

ముందు గలిలయ ఆవిడ నోరు మూతబడింది. తర్వాత బబులోను ఆయన తల పైకెత్తాడు, గడ్డం మీదుగా కన్నీళ్ళు కారాయి. ఇంత దూరం ఆయన నడిచొచ్చింది దీనికోసమే మరి. ఒక్కొక్కరే ఆగిపోయారు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీలుస్తున్నాను, అయినా ఆ క్షణంలో ప్రతిసారీ నాకు లోపల ఏదో వదులవుతుంది. అక్కడెవరో ఉన్నారని, ఇంట్లోనే ఉన్నారని అనిపిస్తుంది.

అంత నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం ఆగలేదు.

"...కాబట్టి ధూపం అనేది ఎంత పవిత్రమైనదంటే, దాని వాసన మనిషికి తగిలిన మరుక్షణం..."

అజర్యా. వేలు పైకెత్తి చెబుతున్నాడు. దేవుడి పొగ ఆయన ముక్కు కిందనుంచే పోతోంది. ఆయనకి తెలియడం లేదు.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ మాకంటే ముందు ఆయన తల ఎందుకు ఎత్తేవాడో తెలిసింది. ఆయన వినేది ఆ పార చప్పుడు. ఆ రోజు గోడ మీద చూసింది పొగ. మా ఆయన వైపు చూశాను. ఆయనకీ అర్థమైపోయింది. పెదవి చివర మాట తయారుగా ఉంది, నాకు తెలుసు. ఆ మాట ఒక్కటి అంటే చాలు, కొండంతా నవ్వుతుంది, అజర్యా మళ్ళీ వీధిలోకి ముక్కు పెట్టలేడు. అనొద్దని నేను ఆయన అంగీ పట్టుకోబోయాను.

అంతలోనే ఆయన నాలుగు మూరలూ దాటేసి ముందుకెళ్ళాడు. ముసలాయన పైకెత్తిన చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించాడు.

"పెద్దయ్యా" అన్నాడు చెవి దగ్గర. "వచ్చింది. తల ఎత్తండి."

అజర్యా అలవాటుగా తల ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశాడు. మా ఆయన చెయ్యి వదల్లేదు.

"ఆ రోజు కాలింది తోలేనా?" అని అడిగాడు.

"తోలే పెద్దయ్యా. వెంట్రుకలు కూడా."

"బాగా కంపు కొట్టిందా?"

వెనక నుంచి నహూము ఆపుకోలేకపోయాడు. "ఏం చెప్పమంటారు పెద్దయ్యా! మా ఇంట్లో మర్నాటిదాకా ఎవరికీ రొట్టె సయించలేదు!"

"మరి ఆమేన్ అన్నావేంరా వెధవా!"

"మీరన్నారని..."

"నేనూ అందుకే అన్నాను" అన్నాడు ఇంకొకడు. "నేనూ" అన్నాడు మరొకడు. వాడ మగాళ్ళంతా పాదాలకేసి చూసుకుంటూ ఒప్పుకున్నారు. అజర్యా తిట్టబోయి, తిట్లు దొరక్క, స్తంభానికి ఆనుకున్నాడు.

"మా ఇంటిది హన్నా కన్నుమూసిన చలికాలం నాకు జ్వరమొచ్చింది" అన్నాడు, మా ఆయనతో మాత్రమే చెబుతున్నట్టు. "జ్వరం తగ్గింది. వాసన తిరిగి రాలేదు. జున్నయితే కొడుకులు చూసుకుంటారు, ఫరవాలేదు. ఇది అలా కాదు కదరా. రోజూ ఆయన గుమ్మం తెరుస్తాడు, మీరంతా లోపలికి పోతారు, నేను బయటే ఉండిపోతాను. నన్ను వెలివేసింది ఆయనే అనుకున్నా. వాడకి పెద్దని, ఎవరితో చెప్పుకోను?"

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. వెతికినా దొరకలేదు.

"పెద్దయ్యా, నాకు ధర్మశాస్త్రం అంతగా రాదు" అన్నాడు మా ఆయన. "ఆ ధూపం వేసేది మన కోసమా, ఆయన కోసమా?"

"ఆయన కోసమేరా."

"మరి ఆయనకి వాసన తెలిస్తే చాలదూ?"

అజర్యా ఆ మాట నమిలి మింగాడు. తర్వాత వాడవాళ్ళ వైపు తిరిగి, ఎప్పటిలాగే గట్టి గొంతుతో అన్నాడు, "వీడు చేసింది ధూపం కాదు. వెలి లేదు. మన గొర్రెపిల్ల దగ్గర యాకీమూ, వాడి పెళ్ళామూ ఉంటారు. ఆ పిల్ల నోరు కాస్త దూరంగా కూర్చోబెట్టండి."

ఇంత జరిగినా నా మీదే పడ్డాడు, చూశారా. అయినా ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకోవడంలో ఉన్నాను.

అప్పుడు ఆయన మా ఆయన చెయ్యి పట్టుకుని ఎడమవైపు తిరిగాడు. రెండడుగులు వేశాడో లేదో, గలిలయ ఆవిడ ఎదురొచ్చి నిలబడింది. ఆవిడకి ఆచారమంటే ఆచారమే.

"తాతా, మీకేమైంది, ఎడమవైపు నడుస్తున్నారు?"

"పోగొట్టుకున్నానమ్మా."

వస్తువు పోగొట్టుకున్నవాళ్ళూ ఆ వైపే నడుస్తారు. వాళ్ళకి చెప్పే మాట వేరే ఉంది. ఆవిడ చంకలో గొర్రెపిల్లని సర్దుకుని ఆ మాట చెప్పింది. "ఈ ఇంట్లో ఉండేవాడు, అది దొరికినవాడి మనసులో పెట్టి, నీది నీకు ఇప్పించుగాక. ఏం పోయింది తాతా, ఉంగరమా?"

"అంతకంటే కొంచెం పెద్దదమ్మా" అన్నాడు అజర్యా.

వాళ్ళిద్దరూ మెల్లగా ముందుకు సాగారు. వెనకాలే నేనూ బయల్దేరబోయాను. ఆవిడ నన్నూ వదల్లేదు.

"నీకేమైందమ్మా, ఎడమవైపు?"

"నాకేమీ కాలేదు" అన్నాను. "పోయిందనుకున్నది దొరికింది."

"అయితే కుడివైపు పో! దారికి అడ్డం!"

నిజమే కదా. నేను కుడివైపు తిరిగి, జనంతో కలిసి చుట్టూ నడిచాను. దక్షిణం వైపు తిరిగేసరికి వాళ్ళిద్దరూ ఎదురొస్తున్నారు. అజర్యా ముఖం పైకెత్తి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. మా ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, మధ్యలో ఆగుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

"మూసిన పెట్టె తెరిచినట్టు... ఊహూఁ, కాదు పెద్దయ్యా. వాన పడ్డ మట్టి... అదీ కాదు..."

"అది కాదని నాకూ తెలుసు. సరిగ్గా చెప్పరా."

నేను వాళ్ళ ముందు ఆగాను. ఎదురైనప్పుడు అడగాలి కదా.

"నీకేమైందయ్యా, ఎడమవైపు నడుస్తున్నావు?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉండటం నేను మా అత్త పోయిన రోజు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

"మాటలు పోగొట్టుకున్నానే మహలతూ. ఆ వాసన ఎలా ఉంటుందో ఈయనకి చెబుదామంటే ఒక్కటీ దొరకడం లేదు."

"ఇందాకటి నుంచీ నసుగుతున్నాడమ్మాయ్" అన్నాడు అజర్యా. తల కిందికి దించకుండానే అన్నాడు. "అయినా నసగనీ. వాడు తడుముకుంటుంటే కొంచెం కొంచెం గుర్తొస్తోంది."

నేను చెయ్యెత్తి మా ఆయన్ని దీవించాను.

"ఈ ఇంట్లో ఉండేవాడు, నీ మాటలు దొరికినవాడి మనసులో పెట్టి, నీవి నీకు ఇప్పించుగాక. తొందరేం లేదని కూడా ఈ ఇంటాయనతో చెప్పు."